సత్యానంద మెట్రోద్వార విజయము

ఏ నగరమున గంగపైన పడవలును గంగక్రింద రైళ్లును ఏకకాలమున పరుగులిడుచుండునో, ఏ నగరమున ఇస్త్రీ చొక్కా వీధి మలుపు తిరుగకమునుపే చెమటకు పిండిన గుడ్డయగునో, అట్టి కలకత్తా మహానగరమున, ఒకానొక ఆదివార సాయంసమయమున, లిలువా రైల్వే వర్క్‌షాపులో బోగీల చక్రములకు వణుకు పుట్టించి ఉద్యోగవిశ్రాంతి గొన్న ఫిట్టరు శిఖామణి సత్యానందము, ఎడమచేత కేకు పెట్టెయు కుడిచేత పొట్ట ఉబ్బిన పర్సును ధరించి, హౌరా మెట్రో ద్వారమునెదుట నిలిచెను. ఆ ఘోరసంగ్రామమును చెప్పెదను, వినుడు.

న్యూ టౌన్‌లో కూతురు గ్రేసీ కొన్న కొత్త ఫ్లాటునకు నాడు ప్రతిష్ఠ ప్రార్థన. తొలి కీర్తన నాన్నే ఎత్తవలెనని ఆమె పట్టు. నాన్న రానిదే పాట లేదు, పాట లేనిదే ప్రార్థన లేదు, ప్రార్థన ముగియనిదే బిర్యానీ గిన్నె మూత లేవదు. కావున క్షుధార్త బంధుసమూహ ప్రాణభారమంతయు ఆ పర్సుపై నిలిచియుండెను.

ముందుగా ఇల్లాలు లిల్లీ తన చేతిసంచిని యంత్రముపై అలవోకగా ఆనించెను. మెట్రో కార్డు సంచిలోనుండియే పలికెను. టింగుమని ద్వారము రెక్కలు విచ్చెను. ఆమె ఆవల నిలిచి, వెనుదిరిగి, ఇంచుక నవ్వెను.

ఆ నవ్వే సర్వానర్థములకు మూలము.

"సంచి తెరువక ఇల్లాలు దాటిన గుమ్మమును నేను పర్సు తెరిచి దాటుదునా? చక్రములనే లొంగదీసిన ఈ హస్తము అట్టముక్కను చాచి యంత్రమును యాచించునా? మూసిన పర్సుతోనే దాటెదను, కాదేని ఇచ్చటనే శిలనయ్యెదను" అని మనసులో భీషణ ప్రతిజ్ఞ గావించి, సత్యానందము పర్సును యంత్రముపై మోపెను.

యంత్రము ఎఱ్ఱని కన్ను తెరిచి కీచుమనెను.

అతడు పర్సును తిరగవేసెను, బోర్లించెను, అదిమెను, చొక్కాకు తుడిచెను, తుదకు బుజ్జగించినట్లు నిమిరెను. కీచు. కీచు. వెనుక జనవాహిని వరదయై పొంగెను.

"దాదూ, కార్డ్‌టా బార్ కోరూన్" అని వెనుకనున్న యువతి, కార్డును బయటికి తీయుమని బెంగాలీలో బతిమాలెను. దాదా అని అన్నగా పిలువక దాదూ అని తాతను చేసినందుకు వీరుని పౌరుషము ద్విగుణమయ్యెను.

"ఏటండీ, ఆ పర్సులో ఏటేటి కుక్కినారు?" ఆవలినుండి లిల్లీ అడిగెను.

"ఏటీ నేదు. ఈ మిషనుకే ఏటో అయినాది."

"మరి నేనెలాగొచ్చినాను? మందుల షాపులో తాకిస్తే డబ్బులు కోసేసే బేంకు కార్డు కూడా అందులోనే ఎట్టినారు కదా. రెండూ ఒకపాలి అరిస్తే అది ఎవుల మాటింటాది? మెట్రో కార్డు తియ్యండి."

"తియ్యను."

"బిర్యానీ చల్లారిపోతాది."

ప్రతిజ్ఞ కూలెను. ద్వారముకడనున్న సెక్యూరిటీ అమ్మాయి చేతులలో కేకు పెట్టెను ఉంచి, సత్యానందము పర్సు తెరచి కార్డును పట్టి లాగెను. ఉక్కపోతలకు లోపలనే అంటుకొనిపోయిన ఆ మొండికార్డు, పెనుగులాడి పెనుగులాడి, తటాలున ఊడివచ్చెను. దాని వీపున ఒక చిన్న ఫొటో అతుక్కొని వచ్చెను. రెండు జడల, పెండ్లికి మునుపటి లిల్లీ.

జనవాహిని మెడలు సాచి చూచెను.

"ఆ పోటో పోయిందన్నారు," అని లిల్లీ మెల్లగా అనెను.

"పోనేదు. ఆల్బంలో ఎట్టేస్తావని దాసినాను."

అతడు గోటితో ఫొటోను ఊడదీయబోగా, ఆమె గేటుమీదుగా చేయి సాచి ఆపెను. "పీకకండి, చిరిగిపోతాది. అలాగే ఎట్టండి."

అట్లే పెట్టెను. టింగు. రెక్కలు విచ్చుకొనెను. వీరుడు దాటెను, సెక్యూరిటీ అమ్మాయి కేకు పెట్టెను వెనుకనే అందించెను, జనవాహిని హర్షధ్వానమొనర్చెను, దాదూ అన్న యువతి అందరికంటె బిగ్గరగా చప్పట్లు కొట్టెను.

లిల్లీ చేయి చాచెను. "ఇటివ్వండి, నా సంచిలో దాసుకుంటాను."

"కుదరదు. సెక్టార్ ఫైవ్ టేసన్‌లో దిగినాక గేటుకి మళ్లీ సూపించాల. నువ్వు నేకపోతే అది తెరవదు."

లిల్లీ చాచిన చేతిని వెనుకకు తీసి, తెరచిన సంచిని మూసెను.

ఇన్నేండ్ల కాపురమున లిల్లీకి జవాబు తోచకపోవుట ఇదియే ప్రథమమని దశదిశలు ఆలకించుగాక. దిగ్విజయుడగు సత్యానందము, కేకు పెట్టెను కిరీటమువలె పైకెత్తి పట్టి, గంగక్రిందికి పోవు రైలెక్కెను.