కదిరప్ప హోటలు ఎట్లుంటాది?

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో ఒక బుధవారం పొద్దున, ధర్మవరం నేతగాడు గంగాధరప్ప మగ్గం మీద సగం చీర వదిలేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని గోరంట్ల బస్సెక్కాడు. ఆయన వెళ్తున్న పని చిన్నదే. గోరంట్ల బస్టాండు పక్కన కదిరప్ప హోటలని ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ దాని పేరే చెప్పుకుంటాయి. అది భార్యను తీసుకుపోదగ్గ చోటో కాదో తేల్చుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలి.

భార్య ఆంజినమ్మ అంతకు ముందు నెలంతా టైఫాయిడ్‌తో మంచాన పడింది. పిల్లలు లేని ఇల్లు. ఒకరోజు డాక్టరు గంగాధరప్పను పక్కకు పిలిచి గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆ రోజు ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దు గూకేదాకా కూర్చున్నాడు గానీ ఒక్క పోగు వేయలేకపోయాడు. తర్వాత నాలుగు రోజులకు జ్వరం దిగింది. దిగాక జావ తాగుతూ ఆమె, కదిరప్ప హోటల్లో బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చాలా బాగుంటాయట, ఒకసారి తినాలని ఉందని చెప్పింది. పంతొమ్మిదేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. దేవుడు మనిషినే తిరిగి ఇచ్చాడు, బజ్జీకి తాను వెనకాడడమేమిటి అనుకున్నాడు గంగాధరప్ప.

అయితే డాక్టరు కొన్ని షరతులు పెట్టాడు. నీళ్లు కాచినవై ఉండాలి. వంటిల్లు శుభ్రంగా ఉండాలి. వండేవాళ్లకు జబ్బులుండకూడదు, చేతిగోళ్లు కూడా చూసుకోమన్నాడు. అందుకే ఈ ప్రయాణం.

బస్సు దిగగానే గంగాధరప్ప నేరుగా హోటల్లోకి పోలేదు. ఏ ఇంటి సంగతైనా పక్కింటివాళ్లను అడగాలని ఆయన నమ్మకం. హోటలు పక్కనే బయ్యన్న అనే ఆయనకు వక్కాకు అంగడి ఉంది. గంగాధరప్ప ఆకులు కట్టించుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, మా ఇంటి మనిషిని కదిరప్పోళ్ల దగ్గరికి తోలుకొని రావాలనుకుంటాండా. ముందుగా విచారించుకుందామని వచ్చినా. ఆడమనిషిని మర్యాదగా చూస్తారా?"

భార్యను భార్య అని పరాయివాళ్ల ముందు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. బయ్యన్న సున్నం పూయడం ఆపి ఆయన్ను పైకీ కిందికీ చూశాడు. మీరు ఏ ఊరు, ఏం పని అని అడిగాడు. ధర్మవరమనీ, మగ్గమనీ చెప్పగానే బయ్యన్న ముఖం వికసించింది. కదిరప్పదీ, తనదీ మగ్గం వంశమే. కరువు రోజుల్లో నూలు దొరక్క ఒకరు హోటలు, ఒకరు అంగడి పెట్టుకున్నారు. కదిరప్ప కొడుకు ఓబుళేసుకు ఇరవై ఆరేళ్లు దాటినా సంబంధం కుదరడం లేదు. హోటలువాడికి పిల్లనిస్తే రుబ్బురోలుకు ఇచ్చినట్టేనని వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారు.

గంగాధరప్ప ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఇంట్లో ఎవరికైనా దగ్గు, ఆయాసం లాంటివి ఉన్నాయా? నీళ్లు ఏ బావివి? ఆ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరుంటారు, వాళ్లది కోపిష్టి స్వభావమా? ఇంత లోతుగా విచారించే పిల్ల తండ్రిని బయ్యన్న తన జన్మలో చూడలేదు.

"ధైర్యంగా తోలుకొని రాప్పా," అన్నాడు చివరికి. "నా బిడ్డనైనా కండ్లు మూసుకొని పంపిస్తా ఆ ఇంటికి."

కన్నబిడ్డను పంపిస్తానన్నాడంటే అక్కడి తిండికి అంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంటుందని గంగాధరప్ప సంతోషించాడు. ఆయన వక్క నమిలేలోగా బయ్యన్న వెనక దారిన పోయి కదిరప్ప చెవిన వేసి వచ్చాడు.

ఆ తర్వాత జరిగిన మర్యాద గంగాధరప్పను ఉక్కిరిబిక్కిరి చేసింది. కదిరప్ప గల్లా దిగి ఎదురొచ్చి, బల్లల దగ్గర కూర్చోనివ్వకుండా, హోటలు వెనకున్న సొంత ఇంట్లోకి తీసుకుపోయాడు. వంటిల్లు చూడాలంటే మూతలన్నీ తీసి చూపించాడు. నీళ్లు కాస్తారా అంటే మసులుతున్న అండా దగ్గరికే నడిపించాడు. ఆయన భార్య రామసుబ్బమ్మ తలుపు చాటున నిలబడి వచ్చినాయన జాగ్రత్తను మెచ్చుకుంటోంది. ఇంతలో తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓబుళేసు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. పొయ్యి పని ఎక్కువగా మావాడిదేనని కదిరప్ప చెప్పాడు. గంగాధరప్ప లేచి అతని చేతులు పట్టుకుని గోళ్లు ఒక్కొక్కటే పరీక్షించి, తిప్పి అరచేతులూ చూసి, "బాగుండాయి," అన్నాడు. కదిరప్ప కళ్లు చెమర్చాయి.

ఇక తన వైపు విషయం దాచడం న్యాయం కాదనిపించింది గంగాధరప్పకు.

"అన్నా, మా మనిషికి టైపాయిడ్ వచ్చి ఇప్పుడే లేచింది. వెంట్రుకలు గూడా శానా రాలిపోయినాయి. ముందే చెప్తాండా."

"వెంట్రుకలదేముందప్పా, మళ్లీ వస్తాయి," అన్నాడు కదిరప్ప. జబ్బు సంగతి దాచకుండా చెప్పినవాడి ఇంటి పిల్ల ఎంత మంచిదో అని మనసులో దండం పెట్టుకున్నాడు. ఆదివారం రమ్మన్నాడు. ఎందరొస్తారంటే ఇద్దరమేనని చెప్పాడు గంగాధరప్ప. మావాళ్లు మాత్రం పదిమంది ఉంటారని కదిరప్ప అంటే, పేరున్న హోటలుకు ఆ మాత్రం రద్దీ సహజమేలే అనుకున్నాడు. మర్యాదలకే బస్సు వేళ అయిపోయింది. నోట్లో ఏదీ పడకుండానే తిరుగు ప్రయాణమయ్యాడు. అయినా అంతటి హోటలు భూలోకంలో లేదని ఆ రాత్రి భార్యకు చెప్పాడు.

ఆదివారం దంపతులిద్దరూ గోరంట్లలో దిగేసరికి హోటలు తలుపుకు పలక వేలాడుతోంది. "ఈరోజు సెలవు" అని సుద్దతో రాసి ఉంది. అంతలో కదిరప్ప కొత్త పంచెతో పరుగెత్తుకొచ్చి, మీ కోసమే మూశామని చెప్పి లోపలికి తీసుకుపోయాడు. ఒక జబ్బు మనిషి కోసం హోటలే మూసేశారా అని ఆంజినమ్మ తెల్లబోయింది. గడపకు మామిడాకులు. లోపల చిలమత్తూరు నుంచి వచ్చిన బంధువులు చాపల మీద కూర్చున్నారు. పంచాంగంతో అయ్యవారున్నారు. తాంబూలం పళ్లెంతో బయ్యన్న ఉన్నాడు.

రామసుబ్బమ్మ ఆంజినమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టి వాకిలి వైపు చూసింది.

"పిల్ల ఎనకాల బస్సులో వస్తాందా?"

"ఏ పిల్లమ్మా?"

"మీ పిల్ల."

ఆంజినమ్మ భర్త ముఖం చూసి, తల దించుకుంది. "మాకు పిల్లల్లేరమ్మా," అంది మెల్లగా.

గంగాధరప్ప జ్వరం దగ్గర్నుంచి ఉగ్గాని దాకా అంతా చెప్పుకొచ్చాడు. కదిరప్ప బొరుగుల మూట మీద కూలబడ్డాడు.

"మరి మావోని గోళ్లెందుకు చూసినావప్పా?"

"డాక్టరు చూసుకోమన్నాడన్నా."

చిలమత్తూరు పెద్దాయన ఒకరు లేచి, పదిమందిని పిలిపించి నవ్వులపాలు చేశారని కోప్పడ్డాడు. గంగాధరప్ప చేతులు జోడించాడు. నేను అడిగింది తిండి గురించే, నమ్మకపోతే బయ్యన్నను అడగండి, నా బిడ్డనైనా కళ్లు మూసుకుని ఆ ఇంటికి పంపిస్తానని చెప్పింది ఆయనే అన్నాడు.

అందరి తలలూ బయ్యన్న వైపు తిరిగాయి. బయ్యన్న పళ్లెం కింద పెట్టి మెల్లగా వాకిలి వైపు జరిగాడు. ఎందుకంటే బయ్యన్నకు నిజంగానే పెళ్లీడు కూతురుంది. రెండేళ్ల కింద కదిరప్ప నోరు తెరిచి అడిగితే, హోటలు పొగలోకి నా బిడ్డను తోయనని ఆయన అప్పుడే చెప్పేశాడు.

రామసుబ్బమ్మ నెమ్మదిగా అడిగింది. "ఊరోళ్ల బిడ్డకు మంచిదైన ఇల్లు నీ బిడ్డకు చెడ్డదెట్లాయ బయ్యన్నా?"

అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. ఆయన కూతురు పొద్దున్నుంచీ సాయానికని ఆ వంటింట్లోనే పూర్ణం పెట్టి ఓళిగలు తడుతూ, పొయ్యి పొగ అని చెప్పి కళ్లు తుడుచుకుంటూనే ఉందని వంటింటి ఆడవాళ్లు చెప్పారు. రెండేళ్లుగా వచ్చిన సంబంధాలన్నిటికీ ఓబుళేసు తల వంచుకునే ఎందుకు నిలబడ్డాడో కదిరప్పకు ఇప్పుడు అర్థమైంది. ఆ తల ఇవాళే మొదటిసారి పైకి లేచింది. మంచి గడియ ఇంకా ముప్పావుగంట ఉందని అయ్యవారు చెప్పారు. పిల్లను పిలిచి అడిగితే, పిండి చేతులతోనే సరేనంది. తాను తెచ్చిన పళ్లెంలోని ఆకులే బయ్యన్న కదిరప్పకు తాంబూలంగా ఇచ్చుకున్నాడు.

గంగాధరప్ప ఇదే సందని భార్యను లేవదీయబోయాడు. రామసుబ్బమ్మ ఊరుకోలేదు. మొదటి ఆకు ఆంజినమ్మకే వేసింది. కాచి చల్లార్చిన నీళ్లు చెంబుతో పక్కన పెట్టింది. ఆంజినమ్మ అలవాటుగా వడ్డించడానికి లేవబోతే భుజం మీద చేయి వేసి ఆపింది.

"కూచో తల్లీ. ఈ పొద్దు నువ్వు తినాల, మేం పెట్టాల."

ఎవరింటికి పోయినా కొంగు దోపుకుని వడ్డన వైపు నిలబడిన మనిషి ఆంజినమ్మ. కూర్చుని తినడం ఆమెకు కొత్త. ఒక ఓళిగ పూర్తిగా తిన్నది. రెండోది వేయబోతే వద్దనలేదు. గంగాధరప్ప తన ఆకు సంగతి మరిచిపోయి, నోటి దాకా పోతున్న ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు గొంతు తగ్గించి మాట్లాడిన రోజు ఆయన ఇంతకన్నా ఎక్కువేమీ కోరుకోలేదు.

బస్సు దాకా సాగనంపి, కదిరప్ప ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వొచ్చి అడగబట్టి నా ఇల్లు నిలబడిందప్పా."

"మా మనిషి కడుపునిండా తినిందన్నా. నాకదే పదివేలు," అన్నాడు గంగాధరప్ప.

బుక్కపట్నం దాటాక ఆంజినమ్మ ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. హోటలు ఎట్లుందని వీధిలో ఆడవాళ్లు అడిగితే ఏం చెప్పాలని భర్తను అడిగింది. ఉగ్గాని రుచి ఇద్దరిలో ఎవరికీ తెలియదని గంగాధరప్పకు అప్పుడు గుర్తొచ్చింది. ఈసారి తప్పకుండా తినిపిస్తానని మాటిచ్చాడు.

శ్రావణంలో ఓబుళేసు పెళ్లికి పిలుపు వచ్చింది. ఒకరోజు ముందే రావాలనీ, పెళ్లికొడుకుకు మేనత్త వరసన ఆంజినమ్మే హారతివ్వాలనీ కదిరప్ప జాబు రాశాడు. దంపతులు ఉగ్గాని కోసమని పొద్దున ఏమీ తినకుండా బయల్దేరారు.

పెళ్లి సందర్భంగా హోటలుకు మూడు రోజులు సెలవు.