ఉదయమల్ల మహారాజు పాలన: రెండో విడత

ఎనిమిది వందల ఏళ్లుగా పెండింగులో ఉన్న ఉదయమల్ల మహారాజు పరిపాలనను వచ్చే ఆదివారం నుంచి పునఃప్రారంభిస్తున్నట్టు మంత్రి రామచంద్రంగారు మక్తల్ ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. ఆ రాజు చెరువులు తవ్వించాడు, ప్రతి ఎకరానికీ నీళ్లిచ్చాడు, కాబట్టి ఆయన మా పార్టీవాడేనని తేల్చారు. విలేకరులు రాసుకున్నారు.

మండల పార్టీ అధ్యక్షుడు పరమేష్ జనాన్ని తోసుకుని మంత్రిగారి పక్కకు చేరాడు. మార్కెట్ కమిటీ చైర్మన్ కుర్చీ మీద అతనికి ఎప్పటినుంచో మోజు. మంత్రిగారు భుజం తట్టి, "ఆదివారం రాజుగారి ఆనవాలు స్టేజీ మీదికి తెచ్చినోనికే కుర్చీ" అన్నారు.

ఆనవాలు ఉండనే ఉంది. పరమేష్ ఊరి చెరువు తూముకు అడ్డంగా నిలబెట్టిన ఆ రాజు శాసనం రాయి. షట్టర్ కొట్టుకుపోయినప్పుడు ఊరివాళ్లే దాన్ని అక్కడ పెట్టారు. చెరువు నీళ్లు వదిలే నీరటి ఏసోబు గడ్డపారతో దాన్ని జరంత జరుపుతాడు, పొలాలు తడిశాక మళ్లీ మూస్తాడు. ఊరి వరి అంతా ఆ రాయి చలవే, పరమేష్ నాలుగెకరాలతో సహా.

"రాయి తీస్తే చెరువు ఆగదన్నా. నీ మడి సుత ఎండుతది" అన్నాడు ఏసోబు.

పరమేష్‌కు నిజంగానే భయమేసింది. ఆ పూట అన్నం సయించలేదు. చివరికి బాధ్యతగల నాయకుడు కనుక ఇరిగేషన్ ఇంజినీరు గోపీకృష్ణను అడిగాడు.

"ఫికర్ ఎందుకు? గా తూముకు పోయినేడే కొత్త షట్టర్ బిగించినం గదా!"

"ఏడుంది సార్?"

"రికార్డుల."

సర్కారే ఉందన్నాక లేదనడానికి తనెవరు? పరమేష్ మనసు కుదుటపడింది.

ఆదివారం పొద్దున్నే జేసీబీ వచ్చి రాయిని లేపింది. ఏసోబు తూములో ఇసుక బస్తాలు వేశాడు. బస్తాలూ కొట్టుకుపోయాయి. చెరువు కింది బీడులో వేసిన స్టేజీ మీద మంత్రిగారు రాయికి శాలువా కప్పి, మైకు అందుకున్నారు. "మహారాజు పాలనల ఒక్క చుక్క వేస్టు కాలే!" అంటుండగానే కుర్చీల కిందికి నీళ్లొచ్చాయి. ముందు వరసలో కూర్చున్న ఆ ఊరి రైతు ఇక్బాల్ బీ చెప్పులు చేతికి తీసుకుంది.

"చూసిండ్రా!" మంత్రిగారు పులకించిపోయారు. "రాజ్యం మొదలై గంట కాలే, నీళ్లొచ్చినయి!"

"వచ్చినయి సరే సార్, చెరువుల ఏం మిగిలినట్టు?" అంది ఇక్బాల్ బీ.

"ఈమెను ప్రతిపక్షం పంపినట్టున్నది" అన్నారు మంత్రిగారు నవ్వుతూ. చప్పట్లు మోగాయి. మోకాలి దాకా పంచె ఎగ్గట్టి నిలబడ్డ పరమేష్‌ను అక్కడికక్కడే చైర్మన్‌గా ప్రకటించారు. అతనికి ఏడుపొచ్చింది, ఆనందంతోనే.

చెరువు వాగులో కలిసింది, వాగు కృష్ణలో కలిసింది. ఊళ్లో నాట్లు నాట్లుగానే ఎండిపోయాయి.

వడ్ల సీజన్‌లో చైర్మన్‌గారు యార్డులో కొత్త కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఊడ్చిపెట్టిన గచ్చు, దాని మీద రెండు పావురాలు. మంత్రిగారు ఫోన్ చేశారు.

"రాజ్యం ఎట్ల నడుస్తాంది పరమేషూ?"

"చల్లగ నడుస్తాంది సార్. మా ఊరోళ్లు తూకంల తరుగు తీస్తున్నరని గానీ, ధర లేదని గానీ ఒక్కలు సుత అడుగలే."

"శభాష్! మహారాజు కాలంల సుత గింత శాంతి ఉండకపోవచ్చు."

సాయంత్రం ఇంటికి పోతూ చైర్మన్‌గారు కిరాణా కొట్టు ముందు బండి ఆపి, ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా ఒకటి వెనక కట్టించుకున్నారు.