వినీల ప్రార్థన మనవి

ఆదివారం పొద్దున్నే వినీల ఒక లెక్క వేసుకుంది. తొమ్మిదికి చర్చి, పదకొండుకల్లా ఇల్లు, ఆపైన పడుకునే దాకా స్టాటిస్టిక్స్. సోమవారం ఇంటర్నల్ పరీక్ష.

చదువు ఆపేసిన పద్దెనిమిదేళ్లకు, నలభై ఒకటో ఏట, మచిలీపట్నంలో ఎం.ఏ.లో చేరింది వినీల. చేరిన వారం బాగానే గడిచింది. చర్చిలో అయ్యగారు ఆమెను లేపి నిలబెట్టి, ఈవిడను చూసి నేర్చుకోమని కుర్రకారుకు చెప్పారు కూడా. చిక్కంతా ఆ తర్వాతే. క్లాసులో పిల్లలు బోర్డును ఫోనులో ఫోటో తీసుకునేవారు. ఈవిడ తల వంచుకుని రెండు లైన్లు రాసి తలెత్తేసరికి బోర్డు తుడిచేసి ఉండేది. మొదటి పరీక్ష తప్పింది. ఇదీ తప్పితే ఏడాది పోయినట్టే. ఆ సంగతి భర్త దేవదానానికి కూడా చెప్పలేదు.

చర్చిలో ప్రార్థన మనవుల పెట్టె ఉంది. కష్టంలో ఉన్నవాళ్లు చీటీ వేస్తే అయ్యగారు చివర్లో అందరికీ చదువుతారు. చదువు అని రాయడానికి వినీలకు సిగ్గేసింది. "గట్టెక్కుతానన్న ఆశ లేదు. రేపటితో తేలిపోతుంది. నా కోసం ప్రార్థించండి" అని మాత్రం రాసి, కింద పేరు పెట్టింది. టైము కలిసొస్తుందని దీవెన దాకా ఆగకుండా జారుకుంది. అయ్యగారు ఆ చీటీని రెండుసార్లు చదివి వినిపించారు. పాపం, కూర్చునే ఓపిక కూడా లేక వెళ్లిపోయిందని అందరూ అనుకున్నారు.

పదకొండున్నరకల్లా స్త్రీల సమాజం పెద్ద కృపమ్మ పదిమందిని వెంటబెట్టుకుని దిగింది. నిద్రలేక ఉబ్బిన వినీల కళ్లు చూశాక ఆమెకు ఏ అనుమానమూ మిగల్లేదు. వినీలను మంచమెక్కించి, మోకాళ్లూని, ముప్పావుగంట ఏడుస్తూ ప్రార్థించింది. అంతలా ఏడ్చిన మనిషితో ఇదంతా లెక్కల గురించని ఏ మొహంతో చెప్పడం? వినీల పుస్తకాన్ని దుప్పటి కిందికి తోసి కళ్లు మూసుకుంది.

వాళ్లు కదలకముందే, ఫోన్లలో కబురు పాకి అవనిగడ్డ నుంచి పిన్ని కొరమేను పులుసు క్యారేజీతో వచ్చింది. గుడివాడలో పెళ్లికెళ్లిన దేవదానం విస్తరి ముందు నుంచి లేచి పరుగెత్తుకొచ్చాడు. మంచం పక్కన కూలబడి, ఆపరేషనంటూ అవసరమైతే విజయవాడలో చేయిద్దామన్నాడు. ఆ మాటతో వినీల దుప్పటి మొహం మీదికి లాక్కుంది. అయిదు దాటింది. ఒక్క లెక్కా కాలేదు.

సరిగ్గా అప్పుడే స్టాటిస్టిక్స్ చెప్పే అలేఖ్య, క్లాసు వాట్సాప్‌లో కబురు చూసి, బత్తాయిల సంచీతో గుమ్మంలో నిలబడింది. వినీల గతుక్కుమని లేచింది. పుస్తకం దబ్బున కింద పడింది.

"నాకు జబ్బేం లేదండీ. స్టాటిస్టిక్స్ రావట్లేదు. రేపు తప్పుతానని భయమేసి ఆ చీటీ రాశాను" అంటూ ఏడ్చేసింది.



"నేను పొద్దుట్నుంచి ఉపవాసం ఉన్నానమ్మా" అని మాత్రం అంది కృపమ్మ. పిన్ని గబగబా ఆవిడకు పులుసుతో అన్నం పెట్టింది.

అలేఖ్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొదటి పరీక్ష క్లాసంతా తప్పిందండీ. అందులో మీవే ఎక్కువ మార్కులు. అర్థం కాలేదని ఒక్కరూ నోరు విప్పరు. రేపటి పరీక్ష వచ్చే వారానికి మార్చాను. పాఠం మళ్లీ మొదట్నుంచి చెప్తాను, మీరు తప్పకుండా రావాలి."

వినీలకు గుండెల మీంచి బండ దించినట్టయింది. దేవదానం కళ్లు తుడుచుకుని, తన భార్య క్లాస్ ఫస్టని వరసపెట్టి బంధువులందరికీ ఫోన్లు చేశాడు. ఎన్ని మార్కులని అడిగినవాళ్లకు మాత్రం సిగ్నల్ సరిగ్గా లేదని చెప్పాడు.