కొనని కెమెరాయే గట్టి కెమెరా

అన్నింటికన్నా గట్టి ఫిల్మ్ కెమెరా ఏదో తెలుసాండి? మనం కొననిది! కింద పడదు, తుప్పట్టదు, షట్టర్ ఇరుక్కోదు. ధరంటారా, సున్నా! రెండేళ్లు రీసెర్చ్ చేసి మరీ చెబుతన్నాను.

ఫొటో ఎలా వత్తాదని మాత్రం అడక్కండి. అది ఫొటోగ్రాఫర్లు అడిగే ప్రశ్న. మాది జంషెడ్‌పూర్, ఉక్కు ఊరు. ఇక్కడ పెళ్లికొడుకుని తప్ప అన్నీ గీకి, కొట్టి, తూకమేసి కొంటాం. కొందరు పెళ్లికొడుకుని కూడా తూకమేత్తారు.

అసలు కెమెరా కావాలన్నది మా అమ్మమ్మ దాలమ్మ. ఎనభై రెండేళ్లు. "ఫోన్లో ఫొటో ఏటిరా, వేలు తగిల్తే జారిపోతాది. రీలు ఫొటో ఒకటి తియ్యి, ఎదురుగా ఎట్టుకు చూసుకుంటాను" అంది.

చిన్న కోరికే! అందుకే ఎక్స్‌పర్ట్‌ని తోడు తీసుకెళ్లాను. అమ్మమ్మ కొడుకు, మా మావయ్య బంగారురాజు. గమ్హరియా ఫౌండ్రీలో ముప్పై ఏళ్ల సర్వీసు. జేబులో మాగ్నెట్ లేకపోతే చొక్కా తొడుక్కున్నట్టే ఉండదాయనకి.

టాటానగర్ స్టేషన్ దగ్గర షాపులో సౌరభ్ రెండు పాత కెమెరాలు ముందెట్టాడు. ప్లాస్టిక్ బాడీ పద్దెనిమిది వందలు, మెటల్ బాడీ తొమ్మిది వేలు. ప్లాస్టిక్‌దాన్ని మావయ్య కన్నెత్తి చూళ్లేదు. మెటల్‌దానికి మాగ్నెట్ ఆనించాడు. అంటుకోలేదు.

"నకిలీ!" అన్నాడు.

"చాచా, పీతల్ హై, పీతల్!" సౌరభ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఇత్తడైతే బిందె చేసుకో. కెమెరా ఏటి?"

మీరే చెప్పండి, ఇందులో తప్పేటి? ఆ తర్వాత పదకొండు కెమెరాలు చూశాం. ఒకటి తూకంలో ఆనపకాయ కన్నా తక్కువొచ్చింది! ఇంకోటి కిలో పద్నాలుగు వేలు పడింది. ఆ రేటుకి రైలింజనే చవక! మరో షాపోడు ఓవర్‌బ్రిడ్జి మీంచి పడేసి చూత్తామంటే ఒప్పుకోలేదు. సరుకు మీద నమ్మకం లేనోడి దగ్గర ఎలా కొంటామండి?

ఇక రోజూ రివ్యూ వీడియోలే. ఒకాయన కెమెరా మీద జీపు ఎక్కించాడు. బతికింది! "జీపు సరే, స్టీలు లోడు ట్రైలర్ ఎక్కిత్తే?" అన్నాడు మావయ్య. న్యాయమైన డౌటే!

అమ్మమ్మ మాత్రం ప్రతి ఆదివారం జరీ చీర కట్టుకుని, పువ్వెట్టుకుని కూకునేది.

"కొన్నారేట్రా?"

"ఇంకా చూత్తన్నాం అమ్మమ్మా. వందేళ్లుండాల!"

"కెమెరాయా, నేనా?"

పెద్దవాళ్లకి టెక్నికల్ విషయాలు ఎక్కవండి.

మొన్న మావయ్య కూతురు తనుశ్రీ ఒక కవరు తెచ్చింది. ఆ పద్దెనిమిది వందల ప్లాస్టిక్‌దే కొనేసిందట! అమ్మమ్మని ఫొటో తీసి, రీలు కోల్‌కతా పంపి కడిగించిందట! ఫొటోలో అమ్మమ్మ బోసినోటితో నవ్వుతోంది. వెనకాల రెండు వీపులు. నాది, మావయ్యది. ఫోన్లో జీపు చూత్తన్నాం.

అమ్మమ్మ మావయ్య జేబులోంచి మాగ్నెట్ లాక్కుని, దాంతో ఆ ఫొటోని ఇనప బీరువాకి పెట్టింది. టక్కున అంటుకుంది.

"చూసేవేట్రా బంగారూ, అంటుకుంది. ఇది నకిలీ కాదు."