ముందుది వేసుకోండి

ఆ ఉదయం ఈల వేసుకున్న ప్లాను చిన్నదే: మొహం కడుక్కోవడం, పళ్ళకి కొత్త ట్రే తొడుక్కోవడం, మధ్యాహ్నం దాకా వార్తాపత్రిక పైకి చదువుతూ గొంతు సాధన చేయడం. ఈల అనేది ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. ముందుపళ్ళ సందు వల్ల ఆమె "స" అంటే చాలు, సన్నగా ఈల మోగుతుంది. సిటీ బస్సుల్లో స్టాపులు చెప్పే గొంతు కోసం పరీక్ష దగ్గర పడింది. స్టాపు అన్న మాటే "స"తో మొదలైతే ఆ పిల్ల ఏం చేస్తుంది?

పళ్ళ డాక్టరమ్మ వరస నంబర్లున్న పారదర్శకమైన ట్రేలు ఇచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి మారుస్తుంటే పళ్ళు మెల్లగా దగ్గరికి జరుగుతాయి. పని తొందరగా కావాలంటే రోజూ కాసేపు కొరికి పట్టుకోమని బుర్రుమనే చిన్న మిషను కూడా ఇచ్చారు. ఈల దాన్ని అన్నం దగ్గర తప్ప వదల్లేదు. ఇల్లు తేనెపట్టులా మోగింది.

తీరా ఆ రోజు ఐదో ట్రే దిగలేదు. ఈల నోట్లో ఆ మిషను ఉంది కాబట్టి నాన్నే ఫోన్ చేశారు.

"మరీ బిగుతుగా ఉంటే ముందుది వేసుకోమనండి," అన్నారు డాక్టరమ్మ.

నాన్న ఫోన్ పెట్టేసి గంభీరంగా ఆరో ట్రే విప్పారు. ముందుదంటే నాలుగోదేమోనని అమ్మకి అనుమానం వచ్చింది కానీ, డాక్టరు మాట కాదనడానికి మనమెవరని ఆయన కొట్టిపారేశారు. ఈల తువ్వాలు కొరికి మరీ ఆరోది ఎక్కించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న మళ్ళీ ఫోన్ చేశారు.

"అదీ బిగుతేనా? అయితే దానికి ముందుది."

ఏడోది టక్కున దిగింది. ఇక బయటికి రాలేదు. అమ్మ గరిటె కాడ తెచ్చేసరికి ఈల రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే బస్సు ఆఫీసు నుంచి ఫోను. పరీక్ష ముందుకు జరిగిందట. హమ్మయ్య, ఇంకా టైముందన్నారు నాన్న.

"ముందుకంటే ఇవాళేనండీ," అంది అవతలి గొంతు.

మైకు ముందు నిలబడ్డ ఈల చేతిలో కాగితం పెట్టారు. "ముందు స్టాపు, మార్కెట్." ఆమె ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. అద్దం అవతల ఆఫీసరు చదవమని సైగ చేశాడు. దవడ సలుపుతోంది. అయినా నోరు తెరిచింది.

"శార్, ముందు శ్టాపంటే దాటిపోయిందా, రాబోయేదా?"

ఆఫీసరు లేచి అద్దం ఇవతలికి వచ్చాడు. ఒక స్టాపు ముందే దిగిపోయి కండక్టర్లతో తగువు పడినవాళ్ళంతా ఆయన కళ్ళ ముందు తిరిగారు. కాగితం తీసుకుని "తర్వాతి స్టాపు" అని దిద్దాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదమ్మా. ఆ నోట్లోది తీయించుకుని వచ్చెయ్."

డాక్టరమ్మ ఏడోది ఊడదీసి, ఒకటో ట్రే నుంచి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. పళ్ళు దగ్గరయ్యేదాకా రికార్డింగు ఆగలేదు. ఇప్పుడు బస్సులో ప్రతి స్టాపుకీ సన్నటి ఈల వినిపిస్తుంది, నిద్రపోయేవాళ్ళు ఉలిక్కిపడి లేచి సరైన చోటే దిగుతున్నారు.

పళ్ళు మాత్రం ముందులాగే ఉన్నాయి.