బోయిగూడ నల్లా దగ్గర మౌలా అలీ జలవిజయం

చెవులొగ్గండి, రసజ్ఞులారా! భాద్రపద బహుళపక్షం. పోలీసుచర్య ముగిసి, ఫిరంగుల ఘోష సద్దుమణిగి, సికింద్రాబాదు నగరం భయంభయంగా కళ్లు తెరుస్తున్న ప్రభాతవేళ. ఇన్నాళ్లూ మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటే కిర్రుమంటున్న బోయిగూడ గల్లీలో, సన్నని ధారతో సమస్త ప్రాణికోటినీ శాసించే వీధినల్లా ముందు, బిందెలే కవచాలుగా, మోచేతులే గదలుగా వీరనారీసేన మోహరించి ఉంది.

ఆ సేనకు దూరంగా, గోడవారన, రాగిబిందెను చంకన పెట్టుకొని నిలిచాడు అరబీ పంతులు మౌలా అలీ. ధవళశ్మశ్రుధరుడు, శబ్దసాగరమథనుడు, ఒంటె నడకకొక పేరూ దప్పికకొక పేరూ కంఠస్థం చేసిన నిఘంటుకేసరి! గొడవలు షురూ అయిన నాటి నుండి గడప దాటని ఆ మహావీరుణ్ణి భార్య జైనాబీ ఆ ఉదయమే రణరంగానికి తరిమింది.

"ఇంట్ల చుక్క నీళ్లు లేవు జీ. మనవరాలికి తానం పొయ్యాలె. నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?"

వచ్చాడు. కానీ గుంపును చూడగానే గోడవారనే ఆగిపోయాడు. అందరూ ఎరిగినవాళ్లే; అయినా ఈ రోజుల్లో ఎవరి మనసులో ఏముందో! భయం వేసినప్పుడల్లా మాటల చాటున దాక్కోవడం ఆయనకు అలవాటు. సేనను చూస్తూ గొణిగాడు: "ముందున్నది సలూఫ్... నడుమ ఉన్నది దఫూన్..."

అగ్రభాగాన నిలిచిన ఘటోద్ధారిణి పుష్పమ్మ గిరుక్కున తిరిగింది. "నన్ను జూసి ఏందో అంటున్నవ్ మౌల్సాబ్. తిట్టా, శాపమా?"

మౌలా అలీ గొంతు సవరించుకొని గంభీరంగా పలికాడు: "తిట్టు కాదు, తల్లీ, శాపమూ కాదు! మరుభూమిలో మందకంటె ముందుగా నీటితొట్టిని చేరే ఒంటెకు పూర్వులు పెట్టిన బిరుదు సలూఫ్!"

"ఒంటెనా?" పుష్పమ్మ బిందె గాలిలోకి లేచింది. "నేను ఒంటెనా?"

"మరి నేనో?" నడుమ నుండి కమలాబాయి అరిచింది.

"దఫూన్. నడుమ నడిచే ఒంటె."

"మరి నువ్వు ఏ ఒంటెవు?" పుష్పమ్మ నిలదీసింది.

"రఖూబ్," అన్నాడాయన. "తొట్టి దగ్గర తొక్కిసలాటలోకి రాని ఒంటె. గొప్పతనం వల్ల రాదంటారు."

పుష్పమ్మ గోడకు అతుక్కుపోయి నిలిచిన ఆయనను ఎగాదిగా చూసింది. "గొప్పతనమా, భయమా?"

నిఘంటుకేసరి తల వంచాడు. "భయమే, తల్లీ."

"మాకు సుత భయమే ఉండె. తలుపులేసుకొని గూసున్నం." ఆమె బిందె దించింది. "రా, లైన్ల నిలబడు. ముందల్కి మాత్రం రానియ్య."

అంతట ప్రవేశించాడు వీరుడు! కమలాబాయి మోచేయి డొక్కలో దిగింది, ఎవరిదో బిందె మోకాలిని ముద్దాడింది, టోపీ బురదలో కూలింది. అయినా వెనుదీయక, ధారను చేరి, అది సన్నబడి, దారమై, చుక్కై, ఆగేవరకు పోరాడాడు.

ఇంటికి చేరగానే జైనాబీ బిందెలోకి తొంగిచూసింది. "సగమేనా?"

"సగమే. గుంపుల నిలబడి తెచ్చిన."

ఆమె కొంగుతో ఆయన ముఖాన బురద తుడిచి, శనగపిండి నలిచిన మనవరాలిని కాళ్లపై వేసుకొని ఆ సగం బిందె నీళ్లే పోసింది. విజయశంఖంలా పసిపాప ఏడ్చింది. జయము, జయము! కుడి చెవి వెనుక కాస్త శనగపిండి తప్ప, సర్వాంగాలూ శుభ్రపడ్డాయి!