జున్ను ఏం తింటాడు?

ఆ ఆదివారం పొద్దున రంగనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళు కుక్కల పండగ పెట్టుకున్నారు. అక్కడ ఒక బల్ల వేసుకుని, డాగ్ ఫుడ్ శాంపిల్ పొట్లాలు పంచి, నాలుగు పరిచయాలు జమ చేసుకుని, భోజనాల వేళకు నల్లగండ్లలోని తన కొట్టుకు వచ్చేయాలి. కుక్కలు ఎంత దూరంలో ఉంటే అంత లాభం కాబట్టి బల్లను గడ్డి మైదానం చివర, గోడవారగా అడిగి మరీ వేయించుకున్నాడు.

రంగనాథ్‌కు కుక్కలంటే భయం. చిన్నప్పుడు ఆదోనిలో ఒకటి పిక్క పట్టుకున్నప్పటి నుంచి కుక్క కనిపిస్తే రోడ్డు అవతలికి మారిపోతాడు. అలాంటి మనిషి కుక్కల తిండి దుకాణం పెట్టడం ఆయన దృష్టిలో వింతేమీ కాదు. వ్యాపారికి సరుకు మీద ప్రేమ ఉండనక్కర్లేదు, కొనేవాడికి ఉంటే చాలు. అంతకుముందు అదే షట్టర్‌లో చీరలు అమ్మేవాడు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక కొట్టు ముందు నుంచి చీర కట్టుకుని పోయేవాళ్ళు తగ్గారు, చేతిలో గొలుసు పట్టుకుని పోయేవాళ్ళు పెరిగారు. గొలుసుకు ఈ చివర కొనే మనిషి, ఆ చివర తినే నోరు. లెక్క తేలిపోయింది. చీరలు దించి బస్తాలు పేర్చాడు.

సరుకు మారింది గాని నోరు మారలేదు. చీరల రోజుల్లో ఎవరు ఏ చీర మీద చెయ్యి వేసినా, "మా ఇంట్లో ఇదే కడతారమ్మా" అనేవాడు. ఆ లెక్కన ఆయన భార్య అనసూయమ్మ నల్లగండ్లలో అమ్ముడైన చీరలన్నీ ఒక్కసారైనా కట్టి ఉండాలి. నిజానికి ఆవిడ కట్టినవి అమ్ముడుపోనివి.

కుక్కల తిండికి భార్యను సాక్ష్యం పెట్టడం కుదరదు. అందుకని ఒక కుక్కను పెట్టుకున్నాడు, మాట వరసకి. పేరు జున్ను. రిటైరైన హెడ్మాస్టరు ఏసురత్నం గారు తన ముసలి కుక్కకు మెత్తటి తిండి కావాలని వచ్చిన రోజున జున్నుకు మోకాళ్ళు పట్టేశాయి. గిరీష్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు కుక్కపిల్లను తెచ్చుకున్న వారంలో జున్నుకు పాలపళ్ళు ఊడుతున్నాయి. సెలీనా గారి బొచ్చుకుక్కకు ఒంటి మీద దద్దుర్లు లేస్తే, జున్ను అంతకు ముందు నెలంతా గోక్కుని గోక్కుని అదే బస్తాతో బాగుపడ్డాడు. పేరొక్కటే ఆయన ఎన్నడూ మార్చలేదు. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం దండగ ఖర్చు.

అద్దం తలుపు మీద మాత్రం 'కుక్కలను బయటే ఉంచండి' అని రాయించాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, తన మీద జున్ను వాసన ఉంటుందని, అది చూసి వాళ్ళ కుక్కలు చిన్నబుచ్చుకుంటాయని చెప్పేవాడు. ఇంతగా కుక్కల మనసు తెలిసిన మనిషి ఉంటాడా అని జనం మురిసిపోయేవాళ్ళు.

ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో బస్తా గుమ్మంలో పడే రోజులివి. ఆ యాప్‌లో లేనిది, రంగనాథ్ కొట్టులో ఉన్నది జున్ను ఒక్కడే. తెల్లాపూర్ కుక్కల క్లబ్బుకు పెద్ద సెలీనా గారే. కమ్యూనిటీలో కుక్కలున్న ఇళ్ళన్నింటికీ ఏడాది పొడుగునా ఒకే దుకాణం నుంచి తిండి తెప్పించుకోవాలని వాళ్ళు అనుకుంటున్నారు. ఏ దుకాణమో ఆ ఆదివారమే తేలుతుంది. వస్తే కొట్టు నిలబడుతుంది. రాకపోతే షట్టర్ దించి ఆదోని బస్సెక్కాలి.

ట్రాలీ ఆటోలో బస్తాలు సర్దుతుండగా సెలీనా గారి ఫోను వచ్చింది.

"రంగనాథ్ గారూ, ఈసారి రిబ్బను మనుషులు కత్తిరించడం లేదండి. మీ జున్ను నోటితో లాగి తెంపాలి. అందరం అనేసుకున్నాం."

"అయ్యో, వాడికి రాత్రి నుంచి జ్వరమమ్మా" అన్నాడు రంగనాథ్, అనుకోకుండానే.

చెప్పినప్పుడు చాలా చవగ్గా తోచింది ఆ మాట. వడ్డీ ఎంతో తెలియడానికి ఆటో నల్లగండ్ల దాటనక్కర్లేకపోయింది. గిరీష్ ఫోన్ చేశాడు.

"అన్నా, జున్నుకు జ్వరమట గదా. నువ్వు పరేషాన్ గాకు. కుక్కల డాక్టర్ వ్యాన్ ఈడికే వచ్చింది, మీ ఇంటికి తోలిస్తున్న. జర లొకేషన్ పెట్టు."

ఇంట్లో లేడు నాయనా, తెల్లారుజామునే బావమరిది కారులో ఆదోని పంపించేశాం అని చెప్పక తప్పలేదు రంగనాథ్‌కు. ఆ కబురు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో పడేసరికి ఏసురత్నం మాస్టారు గొంతు సందేశం పంపారు. జ్వరంతో ఉన్న మూగజీవిని ఈ ఎండలో అంత దూరం పంపడానికి మనసెలా ఒప్పిందని అడుగుతూనే, తమ ప్రార్థన బృందం జున్ను పేరు జాబితాలో చేర్చిందని కూడా చెప్పారు. ఆదోనిలో చెయ్యి తిరిగిన కుక్కల డాక్టరు ఉన్నాడు సార్, అందుకే పంపాం అని రంగనాథ్ సర్దుకున్నాడు. వెంటనే నలుగురు ఆ డాక్టరు నంబరు అడిగారు.

ఆటోలో పక్కన కూర్చున్న అనసూయమ్మ అన్నీ విన్నది.

"అప్పుడు నా ఒంటిమీద ఊళ్ళో చీరలన్నీ కట్టిస్తివి. ఇప్పుడు లేని కుక్కకు ఊళ్ళో రోగాలన్నీ అంటిస్తాండావు. నాది పోనీ, దాని ఉసురు ఊరికే పోతుందా?"

"లేనిదానికి ఉసురు యాడుంటుంది?" అన్నాడు రంగనాథ్. అన్నాడే గాని, ఆ మాట ఆయనకే అంత గట్టిగా వినిపించలేదు.

పండగ బాగానే జరుగుతోంది. పట్టుపంచె కట్టించుకున్న ఒక లాబ్రడార్ పెళ్ళికొడుకులా నడవలేక నడుస్తోంది. పరుగుపందెంలో కుక్కలు గీత దగ్గరే కూర్చుండిపోతే యజమానులు పరిగెత్తి చూపించారు. కుర్చీలాట పాట ఆగగానే ఒక బొద్దు పగ్ రెండు కుర్చీల మీద పడుకుని లేవనంది. గోడవారగా బల్ల వెనక రంగనాథ్ క్షేమంగా ఉన్నాడు, శాంపిల్ పొట్లాలు విప్పేదాకా.

బస్తాల మధ్య బతికే మనిషి చొక్కాకు బస్తా వాసనే ఉంటుంది. మైదానం నిండా ఉన్న ముక్కులు ఒక్కసారి ఇటు తిరిగాయి. పట్టుపంచె ముందు, మిగతావి వెనక. గొలుసులు వదిలించుకుని వచ్చి ఆయన కాళ్ళ చుట్టూ చేరాయి. కొన్ని నిలబడి ఛాతీ మీద చేతులు వేశాయి. రంగనాథ్ కట్టెలా బిగుసుకుపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు మాత్రం కదిలాయి, ఇష్టదైవాలందరినీ పిలుస్తూ.

"చూశారా" అన్నారు ఏసురత్నం మాస్టారు పక్కవాళ్ళతో. "అరవడు, తొయ్యడు. ఎంత ఓర్పో చూడండి."

కుక్కల వెనకే వాటి మనుషులు వచ్చారు. మాస్టారు, గిరీష్, సెలీనా గారు ముగ్గురూ ఒకే బల్ల ముందు ఒకేసారి నిలబడటం అదే మొదలు. దుకాణంలో వాళ్ళను విడివిడిగా చూసిన రంగనాథ్ ఈ జమాను ఎన్నడూ ఊహించలేదు.

"ఆ వయసులో జ్వరమంటే భయమే బాబూ" అన్నారు మాస్టారు. "పద్నాలుగేళ్ళ ప్రాణం. మోకాళ్ళు కూడా లేవాయె."

"పద్నాలుగేళ్ళేంది సార్?" అన్నాడు గిరీష్. "పోయిన నెలనే పాలపళ్ళు ఊడినయ్. నా లెక్కన ఆర్నెల్లు గూడ లేవు."

"మోకాళ్ళా? పళ్ళా?" అన్నారు సెలీనా గారు. "వాడికున్నది దద్దుర్లండి. వాడి బొచ్చు దువ్వే దువ్వెన లాంటిదే నాకూ ఇచ్చారు ఆయన."

పగ్ గల ఆవిడ కలగజేసుకుని, జున్నుకు బొచ్చెక్కడిది, అచ్చం మా వాడిలా పొట్టి ముక్కు కదా అన్నది. అందరూ రంగనాథ్ వంక చూశారు. మనుషులతో పాటు కుక్కలూ చూశాయి.

ఇక చెప్పేద్దామనే అనుకున్నాడు రంగనాథ్. కానీ ఛాతీ మీద లాబ్రడార్ చేతులుండగా నిజం పైకి రాలేదు. తల వంచుకున్నాడు. అదే ఆయన కొంప ముంచింది, లేదా నిలబెట్టింది. ఏది జమో ఏది ఖర్చో ఇప్పటికీ తేలలేదు.

ముప్పై ఏళ్ళు పిల్లల తప్పుల వెనక మంచి కారణాలు వెతికిన మనిషి ఏసురత్నం మాస్టారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"జున్ను ఒకడు కాదు సెలీనా గారూ. ఈయన ఇంట్లో ముసలిదుంది, పసిదుంది, జబ్బుదుంది. ఎవరూ వద్దన్నవాటిని తెచ్చి సాకుతున్నాడు, పైకి చెప్పుకోవడం లేదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కాకూడదని అన్నింటికీ ఒకే పేరు పెట్టుకున్నాడు."

సెలీనా గారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ అనసూయమ్మ చెయ్యి పట్టుకుని, ఇంట్లో మొత్తం ఎన్ని ఉన్నాయో మీరైనా నిజం చెప్పండి అని అడిగారు.

అనసూయమ్మ మొగుడి వంక ఒకసారి చూసింది. "ఆ లెక్క ఈయనకే తెలియాలమ్మా. నాకైతే ఇంట్లో ఒక్కటి కూడా కనపడలేదు" అన్నది.

అందరూ నవ్వారు. ఇంత చాకిరీ చేస్తూ ఒక్క మాట విసుక్కోని ఇల్లాలిని ఈ కాలంలో ఎక్కడ చూస్తామన్నారు.

మాస్టారు మైకు దగ్గరికి వెళ్ళారు. ఆ తర్వాత రంగనాథ్‌ను వేదిక ఎక్కించారు, చప్పట్లు, శాలువా. ఏడాది ఆర్డరు రంగనాథ్ దుకాణానికేనని సెలీనా గారు ప్రకటించారు. అప్పటిదాకా కట్టెలా ఉన్న రంగనాథ్ కదిలాడు. చేతులు జోడించి దిగబోతుంటే గిరీష్ ఒక కుక్కను తీసుకుని వేదిక ఎక్కాడు.

మైదానం మరో మూల దత్తత గుడారం ఉంది. అక్కడున్న కుక్కపిల్లలన్నీ పొద్దున్నే ఇళ్ళకు పోయాయి. ఇదొక్కటే మిగిలింది. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగేచోట దొరికిన గోధుమరంగు కుక్క. ఒక చెవి సగమే ఉంది. ప్రతి పండగకూ తెస్తున్నారట, ప్రతిసారీ వెనక్కి తీసుకుపోతున్నారట.

"అన్నా, ఇన్నిటిని చూస్కుంటున్నవ్, ఇదొకటి నీకు లెక్కనా?" అన్నాడు గిరీష్. "ఇగ దీనికి నువ్వే దిక్కు."

ఒక చేతిలో ఏడాది ఆర్డరు, రెండో చేతికి అందుతున్న గొలుసు. ఒకటి వదిలితే రెండోది నిలవదు. రంగనాథ్ జీవితంలో ఎన్నో బేరాలు చేశాడు గాని ఇలా బేరమాడే వీలు లేని బేరం ఎన్నడూ తగల్లేదు. గొలుసు అందుకున్నాడు. ఆ కుక్క ఆయన చొక్కా వాసన చూసి, ముక్కు చిట్లించి, ఆయన చెప్పు మీద తల పెట్టి పడుకుంది. పేరేం పెడతారని ఎవరూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో రంగనాథ్ కాళ్ళు సీటు మీదికి తీసుకున్నాడు. కుక్క కూడా సీటు మీదికి వచ్చింది. అనసూయమ్మ నల్లగండ్ల దాకా నవ్వుతూనే ఉంది.

"ఇప్పటికి ఇంట్లో ఒకటి కనపడతాంది" అన్నది.

జున్ను వచ్చాక తేలిన సంగతేమిటంటే, ఆ కొట్టులో ఉన్నదేదీ జున్ను తినడు. ముసలివాటి మెత్తటిది పెట్టారు, పిల్లలది పెట్టారు, దద్దుర్లది పెట్టారు. ప్రతి పళ్ళెం దగ్గరా వాసన చూసి మర్యాదగా ముఖం తిప్పుకున్నాడు. రెండో పూట అనసూయమ్మ పెరుగన్నం కలిపి పెడితే పళ్ళెం కూడా మిగల్చడేమో అనిపించింది.

మనిషి భయపడుతున్నాడని జున్ను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. పొద్దున రంగనాథ్ వెంట కొట్టుకు వస్తాడు, రాత్రి వెంట ఇంటికి పోతాడు. అద్దం తలుపు మీది రాత గీకేయాల్సి వచ్చింది. మొదట గల్లాపెట్టెకు ఆ చివర పడుకునేవాడు, తర్వాత ఈ చివర, చివరికి కుర్చీ కింద. మిగతా జున్నులేవని అడిగినవాళ్ళకు ఆదోనిలో ఉన్నాయని చెబుతున్నాడు రంగనాథ్. ఒకనాడు ఉరుము ఉరిమితే జున్ను వణికాడు. రంగనాథ్ చెయ్యి దానంతట అదే కిందికి పోయి ఆ సగం చెవి మీద ఆగింది. ఇద్దరిలో ఎవరి భయం ఎవరు తీర్చారో చెప్పడం కష్టం.

వర్షాలు పడ్డాక ఒక సాయంత్రం కొత్త ఖాతా ఒకటి వచ్చింది. యశస్విని అట, అప్పుడే ఎదురు అపార్ట్‌మెంట్‌లో దిగింది, చంకలో కుక్కపిల్ల. ఉన్నవాటిలో పెద్ద బస్తా మీద చెయ్యి వేసింది.

"అంకుల్, ఇది మీ కుక్క తింటుందా?"

ఇరవై ఏళ్ళ అలవాటు నోటిదాకా వచ్చింది. ఇంతలో కుర్చీ కింద నుంచి జున్ను తల ఎత్తి ఆయన ముఖంలోకి చూశాడు. లేని కుక్క గురించి ఎన్నైనా చెప్పొచ్చు. కాళ్ళ దగ్గర పడుకుని నమ్మకంగా చూసే కుక్క మీద అబద్ధం చెప్పడానికి రంగనాథ్‌కు నోరు రాలేదు.

"తినడమ్మా" అన్నాడు. "మా జున్ను తినేది పెరుగన్నం."

ఆ అమ్మాయి చాలా సంతోషించింది, ఇంత నిజాయితీగల దుకాణదారుణ్ణి చూడలేదన్నది, బస్తా మీది చెయ్యి తీసేసింది.

రంగనాథ్ కౌంటరు మీద చెప్పిన మొట్టమొదటి నిజానికి పక్క కొట్టులో పెరుగు అమ్ముడుపోయింది.